అద్దం మీద సబ్బు గీతలు

మా బాబాయి పని బాగా చేశాడనడానికి గుర్తు ఒక్కటే, చేసినట్టు కనిపించకపోవడం. కిటికీకి అద్దం బిగించి, అంచుల చుట్టూ లప్పం పెట్టి, స్పిరిటు చల్లి పాత న్యూస్‌పేపరుతో రుద్దాక ఇంటివాళ్ళు వచ్చి చూస్తారు. చూసేది అద్దాన్ని కాదు, అవతలి రోడ్డునో చెట్టునో. "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో" అంటారు. ఆ మెప్పు రోడ్డుకీ చెట్టుకీ పోతుంది. ఊళ్ళో సగం మేడలకి అద్దాలు బిగించిన మనిషి ఎదురుపడితే ఆ మేడల వాళ్ళు ఒక్కరూ గుర్తుపట్టరు. నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మాత్రం మండేది కాదు. "కనిపించేదానికి అద్దమెందుకురా, రేకు కొట్టుకోవచ్చుగా" అనేవాడు.

ఆయనకి మండేదల్లా పిట్టల మీద.

రెట్ట అద్దం మీద పడి ఎండలో ఎండిందంటే గోటితో గీకినా రాదు, బ్లేడుతో గీకితే అద్దానికే గీత పడుతుంది. పెరట్లో షెడ్డు కింద వరసగా నిలబెట్టిన అద్దాల మీద పొద్దున్నే తెల్లటి చారలు చూసి ఆయన వేసే కేకకి పైగదిలో నాకు మెలకువ వచ్చేది. గోడౌనులో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే నడుం వాల్చేవాణ్ణి.

"ఇదిగో, నీ చుట్టాలు సంతకాలు పెట్టి వెళ్ళారు. వచ్చి చూసుకో!"

వంటింట్లోంచి పిన్ని జవాబు వచ్చేది. "చుట్టాలన్నాక గుర్తుగా ఏదో ఒకటి ఇచ్చి వెళ్తారు. మీ వైపు వాళ్ళు అదైనా ఇచ్చారా?"

ఆ మీ వైపు వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి దుప్పటి నెత్తి మీదకి లాక్కునేవాణ్ణి.

ఆ ఇల్లంతా ఈ తగువు మీదే నడిచేది. పెరట్లో ఒక సగం బాబాయి అద్దాలు, మరో సగం పిన్ని పిట్టలు. గింజలు చల్లడం ఎవరైనా చేస్తారు. పిన్ని చేసేది ఇంకోలా ఉండేది, ఒక పెద్ద ఇంటికి కోడలిగా వచ్చినట్టు. జామకొమ్మకి తాళ్ళతో పాత పళ్ళెం వేలాడదీసి అందులో కొర్రలూ నూకలూ పోసేది. తడిసినవి తింటే వాటికి రోగాలొస్తాయని సాయంత్రం మిగిలినవి దులిపేసేది. పిల్లి నక్కడానికి వీల్లేకుండా చెట్టు చుట్టూ నేలంతా బోడిగా ఉంచేది. నీళ్ళకి లోతు లేని మట్టి మూకుడు, అందులో కాలు ఆనించుకోవడానికి ఒక గరుకు రాయి. పిచ్చుకలు మట్టిలో పొర్లి స్నానం చేస్తాయని ఒక మూల పొడి మట్టి వదిలేసి అక్కడ కొత్తిమీర కూడా చల్లనిచ్చేది కాదు. గోడ మీద గుబురుగా అల్లుకున్న మల్లెతీగకి కత్తెర తగలనిచ్చేది కాదు. అందులో నెత్తిన నల్ల జుట్టూ తోక కింద ఎర్ర మచ్చా ఉండే పికిలిపిట్టలు గూడు కడతాయి.

ఆ మూకుడు కడగబోయి పిన్ని కుళాయి దగ్గర నాచు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే కూడా ఆవిడ అన్నది ఒకటే మాట. "మూకుట్లో నీళ్ళు పోయలేదు." బాబాయి పళ్ళు కొరికాడు. ఆసుపత్రి నించి తిరిగొచ్చిన రోజు ఆయన ఆ మూకుడు తీసి షెడ్డు వెనక్కి విసిరేయడం పైనుంచి చూశాను. మట్టిదే అయినా పగల్లేదు. ఆ చిన్న ఓదార్పు కూడా ఆయనకి దక్కలేదు.

పిన్నిని వెనక గదిలో పడుకోబెట్టాం. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే, అలాగే ఉండిపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ పొద్దున్నే వచ్చేది. వయసు నా అంత కూడా ఉండదు, గొంతు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ది. కాళ్ళు వంచేది, చాచేది, నిలబడమనేది. పిన్ని తల అడ్డంగా ఊపేది.

"పడతానమ్మా."

"నేను పట్టుకుంటానుగా ఆంటీ!"

"నువ్వెళ్ళిపోయాక ఎవరు పట్టుకుంటారు? ఆయనా? ఆయన పట్టుకున్నవన్నీ అద్దాలే, నన్నూ గోడకి ఆనించి వెళ్ళిపోతారు."

ఒకరోజు ఆ అమ్మాయి బాబాయిని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఎముక బాగానే అతికింది అంకుల్. ఇప్పుడు అడ్డం కాలు కాదు, భయం. ఈ కాస్త టైములో బరువేసి నిలబడకపోతే కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ లేద్దామనుకున్నా కాలు వినదు. ఇంక మంచమే."

 బాబాయి లోపలికెళ్ళి, మూలన నిలబెట్టిన కొత్త వాకర్ మీద ఎవరో ఆరేసిన తువ్వాలు సర్ది వచ్చాడు. ఆ వాకర్ మాకు తువ్వాళ్ళు ఆరేసుకోవడానికే పనికొస్తోంది అప్పటికి.

ఆ రోజే ఆయన ఒక సంగతి గమనించాడు. ఎవరు పలకరించినా తిరగని పిన్ని, బయట ఏదన్నా పిట్ట కూసినప్పుడు మాత్రం దిండు మీంచి తల ఎత్తుతోంది. ఆ గదికి పైన జానెడు వెంటిలేటర్ తప్ప కిటికీ లేదు. శబ్దం వస్తుంది, పిట్ట కనిపించదు. ఆవిడ కాసేపు విని మళ్ళీ తల దించేసేది.

మర్నాడు బాబాయి షెడ్డు వెనక్కి వెళ్ళి మూకుడు వెతికి తెచ్చాడు. పళ్ళెంలో పాలల్లో నానబెట్టిన రొట్టె పెట్టాడు. ఊళ్ళో కాకులన్నీ వచ్చి వాలాయి.

"ఏం పెట్టారు?" లోపల్నించి కేక. ఆసుపత్రి నించి వచ్చాక ఆవిడ గొంతు అంత గట్టిగా వినిపించడం అదే మొదలు.

"రొట్టె. పాలు కూడా పోశాను!"

"అల్లుడొచ్చాడనుకున్నారా? తీసేయండి. పాలు తాగితే కడుపు పాడై చస్తాయి. కొర్రలు డబ్బాలో ఉన్నాయి."

ఆయన తిట్లు తింటూ పళ్ళెం కడిగాడు. మొహం చూస్తే బహుమతి వచ్చినట్టుంది.

ఆ తర్వాతే గోడ పగలగొట్టాడు. ఎవరికీ చెప్పకుండా కొలతలు తీసుకుని, మేస్త్రీని తెచ్చి, పిన్ని మంచానికి ఎదురుగా నేల నించి మనిషి ఎత్తు వరకూ కన్నం చేయించాడు. ఎప్పుడో ఒక పెద్ద షోరూముకి కోయగా మిగిలిన ముక్క ఆయన దగ్గరుంది. మందపాటిది, ఎక్కడా బుడగ లేదు, అల లేదు. ఎవరడిగినా ఇవ్వకుండా పాత దుప్పటిలో చుట్టి దాచుకున్నాడు. అది తెచ్చి బిగించాడు. లోపలొకసారి, బయటొకసారి రుద్దాడు. దూరం వెళ్ళి తల వంచి చూశాడు, మళ్ళీ వచ్చి రుద్దాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి లోపలికొస్తూనే నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇదేంటి అంకుల్, గోడ పగలగొట్టి అలా వదిలేశారు? దోమలు రావూ?"

బాబాయి మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. వెళ్ళి అద్దం మీద వేలితో టక్కుటక్కుమని కొట్టి చూపించాడు. జన్మలో మొదటిసారి ఎవరో ఆయన అద్దాన్ని చూశారు, లేదనుకుని.

పిన్ని ఈ వైపుకి తిరిగింది. రెండు దిండ్లు ఆనుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్ళకి కాళ్ళు మంచం కిందికి వేలాడేసి కూర్చోవడం మొదలుపెట్టింది, పళ్ళెం పూర్తిగా కనిపించడం కోసం. కూర్చుని పెత్తనం చేసేది. "ఆ గోరింక చూడండి, ఎవరినీ తిననివ్వడం లేదు, మీ అక్కయ్యగారిలాగే." "మూకుడు నీడలో పెట్టండి, నీళ్ళు కాగుతున్నాయి." మల్లెతీగలో పికిలిపిట్టల జంట పిల్లల్ని చేసింది. ఎర్రటి నోళ్ళు తెరుచుకుని పైకి లేస్తుంటే పిన్ని మెడ చాచి చూసేది. ఫిజియోథెరపీ అమ్మాయి బాబాయికి రహస్యంగా బొటనవేలు ఎత్తి చూపించింది. ఇంక నిలబడ్డమే తరువాయి.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. ఎవరో తడిబట్ట మూట విసిరికొట్టినట్టు.

పావురం. నేను పరిగెత్తి వెళ్ళేసరికి అది కింద కాసేపు తూలి, లేచి, వంకరగా ఎగిరిపోయింది. అద్దం మీద మాత్రం దాని బొమ్మ మిగిలింది. ఈకల మీది బూడిదపొడి అంటుకుని, చాచిన రెండు రెక్కలూ, పక్కకి తిరిగిన తలా, ఎవరో మెత్తటి సుద్దతో గీసినట్టు. బాబాయి వచ్చి చూశాడు. ఆయన చేతికి తెలిసిన పని ఒకటే. జేబులోంచి గుడ్డ తీసి ఆ బొమ్మ తుడిచేశాడు. అద్దం మళ్ళీ మాయమైంది.

తర్వాత ఒక పిచ్చుక. దాన్ని నేను చెప్పులపెట్టెలో పెట్టి నీడలో ఉంచితే తేరుకుని పోయింది. మరక తుడిచేశాడు. ఆ తర్వాత తేనెపిట్ట. బొటనవేలంత ఉంటుంది. అది తేరుకోలేదు. పిన్ని కళ్ళ ముందే అద్దానికి తగిలి, ఆవిడ కాళ్ళకి జానెడు దూరంలో, అద్దానికి అవతల పడి, ముక్కు ఒకసారి తెరిచి మూసి ఆగిపోయింది.

"కర్టెన్ వేసేయండి" అంది పిన్ని.

బాబాయి ముదురాకుపచ్చ కర్టెన్ తెచ్చి కట్టాడు. దానితో ఇంకా చెడింది. వెనక చీకటి పడేసరికి అద్దం బయటి వైపు జామచెట్టుని చెట్టులాగే చూపించింది. చెట్టు మీద వాలబోయి ఇంకో పిచ్చుక తగిలింది. కర్టెన్ వెనక నించి వినిపించిన ఆ చప్పుడుకి పిన్ని చెవులు మూసుకుంది.

"గింజలు వేయకండి. నేను పిలిచి చంపుతున్నట్టుంది."

"అదేంటి, నువ్వేం..."

"నేను చూడ్డానికి రప్పించారు. నా కోసం అద్దం పెట్టారు. దాని మీద పడి చస్తున్నాయి. నేను చూడను. ఆ గోడ కట్టేయండి."

మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది. కాళ్ళు కిందికి వేలాడేయడం కూడా మానేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఎంత బతిమాలినా కళ్ళు తెరవలేదు. వెళ్తూ ఆ అమ్మాయి బాబాయి మొహం చూసి గొంతులో కరుకు తగ్గించుకుంది. "వెనక్కి వెళ్ళిపోతున్నారంకుల్. టైం లేదు మనకి."

బాబాయి ఆ సాయంత్రం ఇటుకలకి చెప్పి వచ్చాడు. రాత్రి ఇద్దరం వరండాలో తింటుంటే కంచంలో వేలు తిప్పుతూ అన్నాడు. "జీవితమంతా అద్దాలు కనపడకుండా చేశానురా. చేసింది అదొక్కటే. అది కూడా తప్పేనా?"  

మర్నాడు ఆయన పనికి వెళ్ళాడు. కొత్తగా కడుతున్న ఒక దుకాణం ముందు పెద్ద అద్దపు తలుపు బిగించాడు. బిగించాక, వాళ్ళ వృత్తిలో అందరూ చేసేదే, సబ్బు ముక్క తీసి అద్దం మీద ఈ మూల నించి ఆ మూలకి పెద్ద ఇంటూ గుర్తు గీస్తున్నాడు. దుకాణం మేనేజరు విసుక్కున్నాడట. "ఎందుకయ్యా కొత్త అద్దాన్ని పాడుచేస్తావ్?"

"అద్దం ఉందని తెలియక మనుషులొచ్చి గుద్దుకుంటారండీ. పనులయ్యేదాకా ఉండాలి" అన్నాడు బాబాయి. అని, అక్కడే ఆగిపోయాడట. ఆ మాట ఆయన నోట్లో నించే వచ్చింది. అద్దాలు బిగించడం మొదలుపెట్టిన నాటి నించి ప్రతి చోటా అన్న మాటే, గీసిన గుర్తే. సొంత ఇంట్లో మనుషులెవరూ అటు నడవరు కదా అని గీయలేదు. నడిచేవాళ్ళ గురించి ఆలోచించాడు గానీ ఎగిరేవాటి గురించి తట్టలేదు. పైగా ఆ పిట్టలు పాపం వాటంతట అవే మరకలు చేసి గుర్తు పెట్టుకుంటుంటే, ఈయన ఎప్పటికప్పుడు తుడిచేశాడు.

పనిముట్ల సంచి కూడా అక్కడే వదిలేసి, చేతిలో సబ్బు ముక్కతోనే వచ్చాడు. నన్ను నిద్ర లేపాడు. "ఒరేయ్, లే. నిచ్చెన పట్టుకో."

పెరట్లోకి వెళ్ళాం. బయట నించి అద్దం మీద పెద్ద ఇంటూ గీశాడు. వెనక్కి జరిగి చేతులు కట్టుకుని చూసుకున్నాడు. నేను లోపలికి పోయి కర్టెన్ పక్కకి లాగి, పిన్నితో "బాబాయి ఏదో చేశాడు, చూడు" అని చెప్పి మళ్ళీ బయటికి వచ్చాను.

పిన్ని తల తిప్పి చూసింది. ఒక్కసారి మోచేతి మీద లేచి కూర్చుంది. ఏదో అంది. పిట్టలు తగిలే చప్పుడు వినలేక వెంటిలేటర్ కూడా మూయించేసింది, అద్దం మందం అలాంటిది, మాకేమీ వినపడలేదు. చెయ్యి గాల్లో ఊపింది.

"బాగుందంటోంది" అన్నాడు బాబాయి.

ఆవిడ ఇంకా గట్టిగా ఊపింది. నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తోంది. నుదురు కొట్టుకుంది.

"చాలా బాగుందంటోంది" అన్నాడు బాబాయి, కాస్త అనుమానంగా.

ఆవిడ వేలు మా వెనక్కి చూపిస్తోంది. తిరిగి చూశాం. మల్లెతీగలో గూటి అంచు మీద పికిలి పిల్లలు మూడూ వరసగా నిలబడి ఉన్నాయి. కురచ తోకలు, ఒళ్ళంతా నలిగిన దూదిలా. తల్లి జామకొమ్మ మీద కూర్చుని పురుగుని ముక్కున పట్టుకుని పిలుస్తోంది, తినిపించడం లేదు. ఎగిరి రమ్మని. ఆ గూటికి సూటిగా ఎదురుగా మా అద్దం. ఇంటూ గుర్తుకి నాలుగు వైపులా నాలుగు పెద్ద ఖాళీలు. మనిషికైతే అది అడ్డం. జామకొమ్మల సందుల్లో దూరిపోయే పిట్టకి అవి నాలుగు తలుపులు.

మేమిద్దరం ఇటు తిరిగేసరికి పిన్ని మంచం మీద లేదు.

వాకర్ మీది తువ్వాలు నేల మీద పడి ఉంది. ఆవిడ వాకర్ పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక అడుగు వేసి ఈడ్చి, ఇంకో అడుగు వేసి ఈడ్చి అద్దం దగ్గరికి వస్తోంది. చూపు అంతా గూటి మీదే. వచ్చి ఒక చేత్తో అద్దాన్ని దబదబా కొట్టింది. ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది. తర్వాత అరచెయ్యి అద్దానికి ఆనించింది, దాని పక్కన మళ్ళీ అరచెయ్యి, దాని పక్కన మళ్ళీ. ప్రతి అరచేతి దగ్గరా వేలితో పైనించి కిందికి నిలువుగా గీసి చూపించింది. ఇంత సందు మించకూడదు.

నేను "బాబాయ్" అన్నాను.

"నోర్ముయ్" అన్నాడు. పెదవులు కదలకుండా అన్నాడు. "ఏమీ అనకు. చూడనట్టుండు. గుర్తొస్తే కూర్చుండిపోతుంది."

ఆయన సబ్బు ముక్క అద్దానికి ఆనించాడు. లోపల ఆవిడ వేలు, బయట ఈయన సబ్బు. ఆవిడ వేలు కిందికి దిగితే సబ్బు కిందికి దిగింది. ఆవిడ పక్కకి ఒక అడుగు జరిగితే ఈయన జరిగాడు. మధ్యలో ఒక గీత వంకర పోయింది. లోపల నించి ఆవిడ చురచురా చూసింది. సరిచేశాడు. ఆవిడ ఇంకో అడుగు జరిగింది. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది గానీ ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు.

అంచు గీత ఇంకా పూర్తి కాకుండానే మొదటి పిల్ల దూకింది. ఎగరడం అనలేం దాన్ని. గాల్లో కొట్టుకుంటూ సూటిగా అద్దం మీదికి వచ్చింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దానికి జానెడు దూరంలో అది గీతల్ని చూసి, గాల్లోనే తడబడి, పక్కకి ఒరిగి, బాబాయి భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి నిచ్చెన మెట్టు మీద పడింది. పడి, రెక్కలు సర్దుకుని, మా ఇద్దరి వంకా చాలా కోపంగా చూసింది. తల్లి వచ్చి దాని నోట్లో పురుగు పెట్టింది.

రెండోది జామకొమ్మ మీదికే వెళ్ళింది. మూడోది భయపడి గూట్లోకి తిరిగి పోయింది.

పిన్ని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరికి అద్దం మీద గుండ్రంగా ఆవిరి పట్టింది. అప్పుడు తన కాళ్ళ వంక చూసుకుంది. వాకర్ వంక చూసుకుంది, మంచం వంక చూసింది. అది ఎంత దూరంలో ఉందో. కళ్ళు పెద్దవయ్యాయి. మేం పరిగెత్తుకుని లోపలికి వెళ్ళేసరికి రెండు చేతులతోనూ వాకర్‌ని గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, నేను నిలబడే ఉన్నాను."

"ఆ, చూశాను."

"ఎప్పట్నించి?"

"ఐదారు గీతల నించి" అన్నాడు బాబాయి. ఆవిడ నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి మళ్ళీ నవ్వింది. "పట్టుకోండి మరి, అలా చూస్తారేం? గోడకి ఆనించకండి, మంచం దాకా తీసుకెళ్ళండి."

మర్నాడు పొద్దున్న ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి వాకర్ మీద తువ్వాలు లేకపోవడం ముందు చూసింది. తర్వాత గీతల అద్దాన్ని చూసింది. "ఇదేంటంకుల్, జైలు కిటికీలా చేశారు?" అంది.  పిన్ని మంచం మీంచి కాళ్ళు దించి, "చెయ్యి ఇవ్వమ్మా, మూకుడు దాకా వెళ్ళాలి" అంది. ఆ అమ్మాయి గొంతులో హెడ్‌మిస్ట్రెస్ ఆ రోజంతా మాయమైపోయింది.

ఆ మూకుడునీ పళ్ళేన్నీ పిన్ని అద్దం దగ్గరికి, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరికి మార్పించింది. అంత దగ్గర నించి లేచే పిట్టకి వేగం ఉండదు, తగిలినా దెబ్బ తగలదు అని ఆవిడ లెక్క. వచ్చిన ఇటుకలు పేర్చి నాచు పట్టిన కుళాయి చుట్టూ బాబాయి గరుకు గట్టు కట్టాడు.

మొన్న వాన పడి గీతలన్నీ కారిపోయాయి. మధ్యాహ్నం మెలకువ వచ్చి కిందికి దిగితే, పెరట్లో పిన్ని ఒక చేత్తో వాకర్, ఒక చేత్తో సబ్బు పట్టుకుని కొత్త గీతలు గీస్తోంది. లోపల మంచం మీద కూర్చుని బాబాయి వేలితో చూపిస్తున్నాడు, ఇక్కడ వదిలేశావని, అక్కడ వంకర పోయిందని. ఆవిడకి వినపడ్డం లేదు, వినాలనీ లేదు. అద్దం మధ్యలో ఒక గోరింక రెట్ట వేసి పోయింది, నిలువుగా, తెల్లగా. బాబాయి అలవాటు కొద్దీ న్యూస్‌పేపరు మడత పెట్టుకుని లేచాడు. పిన్ని బయట నించి వేలు అడ్డంగా ఆడించింది. ఆయన కాసేపు ఆ మరక వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూసి, పేపరు విప్పుకుని చదువుకోవడం మొదలుపెట్టాడు.